బత్తాయి తొక్కల పిండి

మా నాయనమ్మ చేసిన నలుగుపిండిలో ఏ దోషమూ లేదు. ఈ మాట నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. చర్మం డాక్టరు సూటిగా అడిగినప్పుడు కూడా చెప్పలేదు. అందరికంటే ముందు చెప్పవలసిన నాయనమ్మకు అసలే చెప్పలేదు. చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటున్నదాన్ని, అందులోనూ రాయలేదు. ఆ నెలల పేజీలు తిప్పితే పొద్దున ఏం తిన్నాను, లైబ్రరీ నుంచి ఏ పుస్తకం తెచ్చుకున్నాను, వాన పడిందా లేదా అన్నవే కనిపిస్తాయి. నా ముఖాన్ని కాల్చింది జామెట్రీ బాక్సులో దాచుకున్న వేలెడంత ట్యూబు. నింద మాత్రం బత్తాయి తొక్కల మీద పడింది.

పోయిన వారం మెట్రోలో ఎల్బీనగర్ వైపు వస్తున్నాను. ఆడవాళ్ళ పెట్టెలో నా పక్కన నిలబడ్డ ఒకావిడ చేతిలో వల సంచి, దాని నిండా బత్తాయిలు. రైలు కుదిపినప్పుడు సంచి కమ్మీకి ఒరుసుకుని ఒక కాయ తొక్క గీసుకుపోయింది. చేదూ తీపీ కలిసి ముక్కు లోపల చిమచిమలాడించే ఆ వాసన పెట్టె అంతా పాకింది. సరిగ్గా అప్పుడే కిటికీలోంచి కింద కొత్తపేట పండ్ల మార్కెట్టు ఉండే చోటు దాటిపోతోంది. మార్కెట్టు అక్కడి నుంచి ఊరి బయటికి తరలిపోయి చాలాకాలమైంది. నేను దిగవలసింది చివరి స్టేషను కాబట్టి సరిపోయింది, లేకపోతే దిగడం మరిచిపోయేదాన్నే.

మేము ఆ పక్క ఉన్న రోజుల్లో ఈ రైలు లేదు. దీని స్తంభాల కోసం దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోడ్డు మధ్యలో తవ్వుతున్న కాలం అది. బడి నుంచి ఇంటికొచ్చేసరికి కనుబొమ్మల మీద, జడ పాయల్లో ఎర్రటి దుమ్ము పేరుకునేది. నాయనమ్మ గడపలోనే ఆపేది.

"ఆగు. గట్లనే ఇంట్లకు రాకు. గా చెంబుల నీళ్ళున్నయి, ముఖం కడుగు. రుద్దకు, ఉత్తగ నీళ్ళు కొట్టు. దుమ్ము మీద రుద్దితె తోలు గీసుకపోతది."

కాలనీలో ఒక ఇంటి కింది పోర్షన్‌లో మేము కిరాయికుండేవాళ్ళం. రెండు గదులు, ఒక వంటిల్లు. అమ్మ ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. నాన్న ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేసేవాడు. పైన ఇంటి ఓనరు మామ్మగారు ఒక్కరే ఉండేవారు. ఆవిడది గోదావరి వైపు. పట్నం వచ్చి ముప్పై ఏళ్ళు దాటినా మాట ఇసుమంతైనా మారలేదు.

మాది నల్గొండ వైపు పల్లె. అక్కడ మాకు రెండెకరాల బత్తాయి తోట ఉండేదట. నాకు లీలగానే గుర్తు: ఆకుల కింద చల్లగా ఉండే మట్టి, కాయ తెంపుతుంటే మోచేతికి గీసుకునే ముల్లు. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయి, చెట్లు నిలువునా వడలిపోయాయి. తోట కొట్టేసిన ఏడాదే మేము పట్నం వచ్చాం. నాయనమ్మ ఆ సంగతి పెద్దగా మాట్లాడేది కాదు. ఒక్కసారి మాత్రం పప్పు ఏరుతూ తనలో తాను అనుకున్నట్టు అంది: "ఎండిపొయ్యే ముందటేడు బాగ కాసినయి. ఎన్నడు గంత కాయ జూడలె."

డెబ్బై దగ్గర పడుతున్నా నాయనమ్మ చేతులు చూసి ఎవరూ ఆ వయసు చెప్పేవాళ్ళు కాదు. గడ్డం మీద పచ్చబొట్టు మూడు చుక్కలు, కళ్ళ పక్కన బోలెడు ముడతలు. కానీ చర్మం మాత్రం నూనె పెట్టిన చెక్కలా నున్నగా మెరిసేది. దానికి ఆమె చేసిన గొప్ప పనులేమీ లేవు. తెల్లవారకముందే లేచి రాగిచెంబులో నీళ్ళు తాగేది. మట్టికుండలో పులిసిన తైదల, అంటే రాగుల, అంబలిలో మజ్జిగ కలిపి, ఉల్లిగడ్డ నంజుకుంటూ నిలబడే తాగేది. తోటకూర, గోంగూర, ఎక్కడ కనిపిస్తే అక్కడ దూసుకొచ్చిన మునగాకు, మధ్యాహ్నం జొన్నరొట్టె, సాయంత్రం ఒక నువ్వులుండ. ఎండలో కొంగు నెత్తిన లేకుండా అడుగు బయట పెట్టేది కాదు. ఎనిమిది గంటలకల్లా పాదాలకు నువ్వుల నూనె రాసుకుని పడుకునేది.

"పైన పూసుడు ఒక్కటే గాదే. కడుపుల ఏం బడ్డదో అది గూడ జూసుకోవాలె" అంటూ నా చేతిలో నువ్వులుండ పెట్టేది. నేను దాన్ని పుస్తకం పేజీల మీద రాలుస్తూ తినేదాన్ని. లైబ్రరీ వాళ్ళు ఆ నూనె మరకలు చూపించి రెండుసార్లు కోప్పడ్డారు.

నలుగుపిండి పని చలికాలం చివర మొదలయ్యేది. పెసలు, శనగపప్పు, గుప్పెడు బియ్యం, కచ్చూరాలు, వట్టివేళ్ళు, కస్తూరి పసుపు. ఇవన్నీ సైదాబాద్‌లో ఒక పాత మూలికల కొట్టులో దొరికేవి. అన్నిటికంటే ఎక్కువగా కావలసింది బత్తాయి తొక్కలు. ఊళ్ళో తోటకు పోయి తెంపుకునేది. ఇక్కడ ఎక్కడివి? నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని మార్కెట్టు గేటు దగ్గర జ్యూసు బండ్ల వైపు నడిచేది. ఆ దారంతా కుళ్ళిన పండ్ల తీపి, మామిడి గంపల్లోంచి రాలిన ఎండుగడ్డి వాసన, హమాలీల అరుపులు. సిగ్గుతో నేను నాయనమ్మ కొంగు వెనకే నడిచేదాన్ని.

ఒక బండి భాయి తొక్కలన్నీ గోనెసంచిలో వేసి మా కోసం ఉంచేవాడు. మొదటిసారి అతను నాయనమ్మను చూసి అడిగాడు, "ఎన్ని ఆవులున్నయమ్మా మీకు?"

"ఒక్కటే. గిదే" అని నన్ను ముందుకు లాగింది నాయనమ్మ.

అతను నవ్వు ఆపుకోలేక జ్యూసు గ్లాసు ఒలకబోసుకున్నాడు. ఆ రోజు నుంచి నేను కనిపిస్తే చాలు, ఒక కాయ కోసి ఉప్పూ కారం చల్లి చేతిలో పెట్టేవాడు. "తిను, తిను. పాలియ్యాలె గద మళ్ళ" అనేవాడు. నాకు చచ్చేంత సిగ్గు. అయినా కాయ మాత్రం వదిలేదాన్ని కాదు.

ఇంటికొచ్చాక తొక్కల లోపలి తెల్లటి పొర చెంచాతో గీకి, కడిగి, మేడ మీద పాత చీర పరిచి ఆరబెట్టాలి. కాపలా నాది. ఎండలో కాదు, మెట్ల గది నీడలో ఆరాలి. లేకపోతే వాసన ఎగిరిపోతుందని నాయనమ్మ పట్టు. పావురాలు రాకుండా కర్ర పట్టుకుని కూర్చోవాలి. నేను కర్ర పక్కన పెట్టి పుస్తకంలో పడిపోయేదాన్ని. ఒకసారి గాలిదుమారం లేచి తొక్కలు పక్కింటి మేడ మీదికి, వాళ్ళు ఆరబోసిన వడియాల మధ్యకు ఎగిరిపోయాయి. పిట్టగోడ దూకి ఏరుకొస్తూ పచ్చి వడియాలు నాలుగు నోట్లో వేసుకున్నాను. వాళ్ళావిడ ఈ రోజుకీ ఆ నేరం పావురాల మీదే మోపుతూ ఉండి ఉంటుంది.

మామ్మగారు పూజ ముగించుకుని అక్కడికొచ్చి కుర్చీ వేసుకునేవారు.

"ఏంటండీ వదినగారూ, దీనికింత తతంగం? మా వైపు సున్నిపిండిలో తొక్కలూ తోళ్ళూ వెయ్యం. శనగపిండి, కాస్త మీగడ, చిటికెడు పసుపు, అయిపోయింది."

"మీగడ తినేది గద వదినా. ముఖానికి పూస్తె చీమలొస్తయి."

"చీమలెందుకొస్తాయండీ? కడిగేసుకుంటాం కదా."

"కడిగేదానికి పూసుడెందుకు మల్ల? అన్నంల ఏసుకోరాదు?"

మామ్మగారు కళ్ళద్దాలు తీసి ముఖం ముందుకు వంచేవారు. "అది సరే గానీ, ఈ కళ్ళ కింద చూడండి. ఈ ముడతలు పోవడానికి మీ పిండిలో ఏవైనా ఉందా?"

"ముడతలు పోవు వదినా. అవి రానీకె అరవై ఏండ్లు పట్టె, రెండు దినాలు రుద్దితె పోతయా? నా పిండి తెలుపు చెయ్యది, ముడతలు తియ్యది. తోలు పగలకుంట, మంట పుట్టకుంట ఉంటది. గంతే."

"ఆ మాత్రానికి నాకు కొబ్బరినూనె చాలు."

"పూసుకో. ఎవలొద్దన్నరు?"

ఇలా అనుకుంటూనే, పిండి తయారయ్యాక మొదటి సీసా మామ్మగారికే వెళ్ళేది.

పట్టించడానికి పిండి గిర్నికి పోతే అక్కడ ఇంకో పంచాయతీ. గిర్నీ అతను మమ్మల్ని చూడగానే చేతులు అడ్డం పెట్టేవాడు.

"అవ్వా, ఇప్పుడు గాదు. పోయినసారి నీ సరుకు పోసినంక పట్టిచ్చుకున్నోళ్ళ రొట్టెలన్నీ సబ్బు వాసనొచ్చినయంట. లొల్లి లొల్లి చేసిన్రు. అందరు పోయినంక ఆఖరుకు రా."

"సబ్బు వాసన గాదు, బత్తాయి వాసన. మంచి వాసనకు లొల్లి చేసినోళ్ళు మనుషులేనా?" అంటూనే నాయనమ్మ అరుగు మీద కూర్చునేది. మధ్యాహ్నం గిర్ని బందు పెట్టే ముందు మా వంతు వచ్చేది. పిండి వెచ్చగా జల్లెడలోకి రాలుతుంటే ఆమె కళ్ళు మూసుకుని పీల్చేది. ఆఖరికి గుప్పెడు నూకలు పోసి గిర్ని కడుపు శుభ్రం చేసి లేచేవాళ్ళం. దారిలో ఆమె కొంగు, నా జడ, సంచీ పట్టుకున్న వేళ్ళు అన్నీ తోట వాసన వేసేవి.

ప్రతి ఆదివారం నాకు నలుగు. నువ్వుల నూనె వెచ్చచేసి ఒళ్ళంతా మర్దనా చేసి, పిండిని మజ్జిగలో కలిపి పట్టించి, సగం ఆరాక కింది నుంచి పైకి నలిచేది. గాజుల చేతులు వీపు మీద గరగరలాడుతుంటే నేను కథలు చెప్పుకునేదాన్ని, మనసులో.

ఎనిమిదో తరగతిలో బడి వార్షికోత్సవం వచ్చింది. అతిథులకు పన్నీరు చల్లి స్వాగతం చెప్పడానికి ఒక టీచరు ఎనిమిది మంది ఆడపిల్లల్ని ఏరారు. మొదట నన్నూ నిలబెట్టారు. తర్వాత వరుస దూరం నుంచి చూసి, నా భుజం మీద చెయ్యేసి మెల్లగా పక్కకు జరిపారు. "నువ్వు తెర వెనక ప్లేట్లు అందించమ్మా." ఆ వరుసలో ఉన్న ఏడుగురూ తెల్లగా ఉన్నారు. నా చోటికి వచ్చిన ఎనిమిదో అమ్మాయీ తెల్లగానే ఉంది. నలుగురి ముందు నిలబడటమంటేనే ప్రాణం పోయే నాకు నిజానికి తెర వెనకే హాయి. కానీ జరపబడటం వేరు.

ఆ వారమే నా బెంచీ పిల్ల కాగితంలో చుట్టి ఒక ట్యూబు ఇచ్చింది. "మా అక్క పెండ్లికి ముందు గిదే పూసింది. పది దినాలల్ల తెల్లగైంది. ఎవ్వలకు చెప్పకు." దాని మీద చిన్న అక్షరాలతో ఏదో తామర మందని, ముఖానికి వాడవద్దని రాసి ఉంది. పుస్తకాలు అంత చదివేదాన్ని, ఆ రెండు వాక్యాలు చదవలేదు.

రోజూ స్నానం చేశాక గడియ పెట్టుకుని ముఖానికి పూసుకునేదాన్ని. పది రోజులు కూడా పట్టలేదు. మొటిమలు అణిగిపోయాయి. చెంపలు తేటపడ్డాయి. మొదట గుర్తుపట్టింది మామ్మగారే.

"వదినగారూ, పిల్ల ముఖం చూశారా, దీపం పెట్టినట్టుంది. మీ పిండి మహత్యమే. నేనేమో కొబ్బరినూనె అంటూ కూర్చున్నాను."

నాయనమ్మ నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. చాలాసేపు చూసింది. "నా పిండి గింత పని జేస్తదని నాకే ఎరక లేదు" అంది.

ఆ తర్వాత మా గడప ఖాళీగా ఉండలేదు. అమ్మ దగ్గరికి జాకెట్లకొచ్చినవాళ్ళు, పాలు పోసే ఆవిడ, తుర్కయంజాల్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన ఎవరి వదినో, అందరికీ పిండి కావాలి. నాయనమ్మ గాజు సీసాల్లో పోసి ఇచ్చేది. డబ్బులిస్తే తీసుకునేది కాదు. "ఇంట్ల బత్తాయిలు తింటె తొక్కలు పారెయ్యకుండ్రి, నాకు తెచ్చియ్యిండ్రి. గదే సాలు." బడి నుంచి వస్తుంటే మా మెట్ల మీద తొక్కల పొట్లాలు వరుసగా ఉండేవి. ఒకామె పాదాల పగుళ్ళు చూపించేది, ఇంకొకామె జుట్టు రాలుతోందని ఏడ్చేది. నాయనమ్మ మెంతులు నానబెట్టమనేది, అంబలి తాగమనేది, ఇంటిల్లిపాది తిన్నాక మిగిలింది తినే అలవాటు మానుకోమని కోప్పడేది. ఊళ్ళో పది మంది ఆమెను అడిగి పని చేసేవాళ్ళట. పట్నంలో అప్పటిదాకా ఆమెను ఎవరూ ఏదీ అడగలేదు. రెండు గదుల్లో మిషను చప్పుడు వింటూ పప్పు ఏరుతూ కూర్చున్న మనిషి, ఇప్పుడు పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని గడపలో కూర్చుంటోంది.

ట్యూబు అయిపోయింది. ఆపేద్దామని నాకు నిజంగా అనిపించింది, ఎందుకంటే పూసుకోని రోజు ముఖం సన్నగా మంట పుట్టేది. కానీ ఆపితే ముఖం మళ్ళీ మునుపటిలా అవుతుంది. అప్పుడు నాయనమ్మ మాట పోతుంది, గడప ఖాళీ అవుతుంది. బెంచీ పిల్లనడిగి రెండో ట్యూబు తెప్పించుకున్నాను. తెల్లదనం కోసం మొదలుపెట్టినదాన్ని, నాయనమ్మ కోసం కొనసాగిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజమే.

ఎండలు ముదిరాక ఒక పొద్దున లేచేసరికి ముఖం ఎర్రగా కందిపోయి, చెంపల నిండా పొక్కులు. సన్నటి ఎర్ర గీతలు దారాల్లా కనిపిస్తున్నాయి. నీళ్ళు తగిలినా నిప్పు పెట్టినట్టే. అమ్మ మిషను మీంచి లేచి వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"అత్తమ్మా, చాలిక. ఆ పిండి ఆపుండ్రి. దాని ముఖం చూడుండ్రి ఒక్కసారి."

నాయనమ్మ మెత్తటి గుడ్డ తెచ్చింది. దాన్ని చల్లటి నీళ్ళలో ముంచి, పిండేసి నా ముఖం మీద ఆనించింది. రుద్దలేదు, ఏమీ పుయ్యలేదు. గుడ్డ వేడెక్కగానే మార్చుతూ మధ్యాహ్నం దాకా అలాగే కూర్చుంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో చర్మం డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన భూతద్దం పెట్టి చూసి అడిగాడు, "ఏం రాస్తున్నావమ్మా ముఖానికి?"

నేను నోరు తెరిచే లోపే నాయనమ్మ ముందుకొచ్చింది. "నలుగుపిండి సారు. నేనే చేసిన."

"ఏమేం వేస్తారు అందులో?"

ఆమె ఒక్కొక్కటే చెప్పింది, ఏదీ దాచకుండా, జ్యూసు బండి తొక్కలతో సహా. ఆయన విని, తల అడ్డంగా ఊపి నా వైపు తిరిగాడు. "ఇది పిండితో వచ్చినట్టు లేదు. ఏదైనా క్రీము, ట్యూబు వాడావా? ఎవరూ తిట్టరు. చెప్పు."

అమ్మ నా వైపు చూసింది. నాయనమ్మ నా వైపు చూసింది. ఎవరూ తెరవకూడదని వెంట తెచ్చుకున్న బడి బ్యాగులో, నా మోకాళ్ళ మీదే, జామెట్రీ బాక్సు ఉంది. నేను తల అడ్డంగా ఊపాను.

"ఖచ్చితంగా?"

మళ్ళీ ఊపాను.

ఆయన నమ్మాడో లేదో తెలియదు. మందులు రాస్తూ అన్నాడు, "అయితే ప్రస్తుతానికి అన్నీ ఆపెయ్యండి. తోటల్లో కాయల మీద మందులు కొడతారు కదా, తొక్కలకు ఉండిపోతుంది. అదేమైనా పడలేదేమో."

నాయనమ్మ ముఖంలో ఏదో ఆరిపోవడం నేను చూశాను. ఇంటికి వచ్చే ఆటోలో అంది, అమ్మతో కాదు, నాతో కాదు.

"మందు కొట్టుడు నాకెరకే గద. నా చేతులతోటి కొట్టిన. నెలనెల కొట్టిన. గా యాదే రాలె."

అప్పుడు చెప్పవచ్చు. ఆటో మలుపు తిరిగాక చెబుదామనుకున్నాను. ఇంటి ముందు దిగాక చెబుదామనుకున్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

మర్నాడు నాయనమ్మ గోనెసంచి తీసుకుని కాలనీలో ఇల్లిల్లూ తిరిగింది. ఇచ్చిన సీసాలన్నీ వెనక్కి అడిగింది. నేను వెనక నడిచాను, ముఖానికి తెల్ల చున్నీ చుట్టుకుని. ప్రతి గడపలో ఒకటే మాట.

"నా పిండి పుయ్యకుండ్రి అమ్మా. తొక్కలల్ల మందున్నదంట. మా పోరి ముఖం కాలింది. తప్పు నాదే."

కొందరు సీసా తెచ్చిచ్చి తలుపేసుకున్నారు. ఒకామె మాత్రం, "నాకు నిన్నటి నుంచి దురద పెడుతనే ఉన్నది" అంది. ఆమె సీసా మూత ఇంకా తీయనేలేదు. కాగితం సీలు అలాగే ఉంది. నాయనమ్మ దానికీ తల వంచింది.

చివరికి మేడ మీదికి వెళ్ళాం. మామ్మగారు సీసాను రెండు చేతులతో ఒళ్ళో పెట్టుకున్నారు.

"నేనివ్వనండీ."

"ఇయ్యి వదినా. నీకేమన్న అయితె నా పానం ఆగది."

"ఇన్నాళ్ళ నుంచి రాసుకుంటున్నాను, ఏం కాలేదు నాకు. చూడండి నా చెయ్యి. నాకు పడింది, నేను రాసుకుంటాను. పిల్లకు ఎందుకు పడలేదో ఆ భగవంతుడికి తెలియాలి."

అంటూ ఆవిడ నన్ను చూశారు. మామూలుగానే చూశారు. నేను మాత్రం మెట్ల వైపు తిరిగి నిలబడ్డాను.

తెచ్చిన పిండిని పారెయ్యడానికి నాయనమ్మకు మనసొప్పలేదు. నెల రోజులు దానితో రాగిచెంబులు, ఇత్తడి గిన్నెలు తోమింది. మా ఇంట్లో సామాన్లు ఎప్పుడూ అంత మెరవలేదు. మామ్మగారు వెళ్తూ వస్తూ, "చూశారా, రాగికి కూడా పడింది" అనేవారు. నాయనమ్మ నవ్వేది కాదు.

నా ముఖం బాగవడానికి వానాకాలం దాటింది. ట్యూబును బడి వెనక మోరీలో పడేశాను. డాక్టరు చెప్పిన మందు, ఎండకు చున్నీ, చల్లటి నీళ్ళు, అంతే. మచ్చలు మెల్లగా పోయాయి. నా రంగు నాకు తిరిగొచ్చింది.

నాయనమ్మకు మాత్రం ఏదీ తిరిగి రాలేదు. ఎవరైనా పగుళ్ళు చూపిస్తే, "దవాఖానకు పో బిడ్డ, నాకేమెరక" అనేది. ఒకసారి నా జుట్టుకు మెంతులు నానబెట్టమంటుందేమోనని ఆశగా ముందు కూర్చుని దువ్వుకున్నాను. దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చాయి. ఆమె చూసి కళ్ళు తిప్పుకుంది. తన అంబలి తను తాగేది, తన పాదాలకు తను నూనె రాసుకునేది. ఇంకొకరికి చెప్పడం మానేసింది. మార్కెట్టు వైపు పోవలసి వస్తే రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడిచేది.

డిగ్రీలో ఉన్నప్పుడు ఆ ట్యూబుల గురించి చదివాను. ముఖానికి వాడితే ఏమవుతుందో, ఆపితే ఏమవుతుందో అంతా అచ్చు నాకు జరిగినట్టే ఉంది. ఆ సాయంత్రం మేడ మీద బట్టలు తీస్తున్న నాయనమ్మ దగ్గరికి వెళ్ళాను.

"నాయనమ్మా, అప్పటి నలుగుపిండి..."

"గా ముచ్చట తియ్యకు బిడ్డ" అంది, చీర మడత పెడుతూనే. "ఎన్నేండ్లయినా నా చేతులు నన్నే తిడతయి."

చెప్పడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఒక్క వాక్యం చాలు. కానీ ఒక్క రోజు అబద్ధమైతే క్షమిస్తుంది, ఇన్నేళ్ళ అబద్ధాన్ని ఎలా ముందు పెట్టడం అనిపించింది. మడతపెట్టిన బట్టలు అందుకుని కిందికి వచ్చేశాను. ఆ రోజు డైరీలో బట్టలు బాగా ఆరాయని రాశాను.

ఆఖరి వేసవిలో నాయనమ్మ మంచం పట్టింది. పెద్ద జబ్బేమీ కాదు, వయసు. తిండి తగ్గి, నీరసం పెరిగి, చర్మం కాగితంలా పలచబడింది. స్నానం చేయిస్తే ఎక్కడ చిట్లుతుందోనని నేనే రోజూ నువ్వుల నూనె చేతులకు, పాదాలకు మెత్తగా రాసేదాన్ని. ఆ మునుపటి మెరుపు చివరిదాకా ముంజేతుల మీద అక్కడక్కడా ఉండనే ఉంది. ఏదైనా పళ్ళరసం పట్టమని డాక్టరు చెప్పాడు. బండి మీద బత్తాయిలు తప్ప ఏవీ లేవు. అవే తెచ్చాను.

మంచం పక్కన పీట వేసుకుని కోసి, పిండి, వడగట్టాను. రెండు గుటకలు తాగింది. మూడో గుటకకు కళ్ళు మూసుకుని, ఎప్పుడో గిర్ని దగ్గర పీల్చినట్టు గాలి పీల్చింది. ఇంట్లో ఎవరూ లేరు. ఇంతకంటే ఆలస్యం చేయకూడదని నాకు తెలిసింది. గ్లాసు కింద పెట్టి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"నాయనమ్మా, నీకొకటి చెప్పాలె" అన్నాను.

ఆమె కళ్ళు తెరిచి నా వైపు, తర్వాత పీట పక్కన పోగైన తొక్కల వైపు చూసింది. ఏదో గుర్తొచ్చి భయపడినట్టు నా చెయ్యి విడిపించుకుని, వేళ్ళ వెనక భాగంతో నా చెంప తాకింది. ఆ సాయంత్రానికే ఆమెకు మాట పడిపోయింది, మళ్ళీ రాలేదు. తను చెప్పవలసింది ముందు చెప్పనివ్వమన్నట్టు ఆ మధ్యాహ్నం నన్ను ఆపి అన్నవే నాకు ఆమె చివరి మాటలు.

"గా తొక్కలు దూరం పారెయ్యి బిడ్డ. నీ ముఖానికి పడవు."